కౌంటరు మీది బోర్డు తీసేశాను

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మన కొట్లో 19 ఏళ్లుగా కాఫీ తాగుతున్నవాళ్లకి ఈ సంగతి నా నోటితోనే చెప్పాలి.

రెండు నెలల కిందట కొట్టుకి కాఫీ పొడి వేసే ఆయన కొత్త రకం ప్యాకెట్లు తెచ్చాడు. "ఆకలి తగ్గుతుంది, ఒళ్లు తగ్గుతుంది" అన్న బోర్డు కూడా ఆయనే ఇచ్చాడు. కౌంటరు మీద పెట్టింది మాత్రం నేను. రోజూ ఇడ్లీ తినే ఒక కాలేజీ అమ్మాయి అది చూసి టిఫిను మానేసి, రెండు గ్లాసుల కాఫీతో సరిపెట్టుకుంది. పోయిన వారం కళ్లు తిరిగి మన బల్ల దగ్గరే కూలబడింది. తేరుకున్నాక "బోర్డు పెట్టింది మీరే కదండీ" అంది. నాకు మాట రాలేదు.

ఆ రాత్రి ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాలు చదివాను. కాఫీ 51 శాతం, చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) 49. చికోరీలో కెఫీన్ ఉండనే ఉండదు. కెఫీన్ వల్లనైనా కొందరికి కాసేపు ఆకలి మందగిస్తుందేమో గాని, అందరికీ ఒకేలా ఉండదు. భోజనానికి మూడు నాలుగు గంటల ముందు తాగితే తినేదాంట్లో పెద్ద తేడా రాదు. అలసట తెలియనివ్వదు, అంతే. ఒంటికి కావలసిన తిండి మాత్రం అందదు.

ప్యాకెట్లు వెనక్కి తీసుకోమని పొడి ఆయన్ని అడిగితే "అందరూ అమ్ముతున్నారు, నీకొక్కడికే వచ్చిందా బాధ?" అన్నాడు. నా కాఫీకి ఇన్నేళ్లలో ఎవరూ వంక పెట్టలేదు. ఆ అమ్మాయి మాటకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఇంకా 60 ప్యాకెట్లున్నాయి. విషమేమీ కాదు, మామూలు డికాక్షన్‌లో కలిపేస్తే ఎవరికీ తెలియదని ఇంట్లో అన్నారు. నాకు తెలుసు కదా! కలపలేదు. అవి మా అటక మీదున్నాయి, ఆయనే వచ్చి తీసుకెళ్లాలి. ఇక ఆయన దగ్గర ఏ పొడీ కొనను.

ఇంకొకటి. టిఫినుకి గంట ముందూ గంట తర్వాతా కాఫీ, టీ వద్దని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. తిండిలోని ఐరన్ ఒంటికి పట్టనివ్వదట. రక్తం తక్కువున్న ఆడవాళ్లు ఇది తప్పక పాటించండి. ఇడ్లీ వెంటనే కాఫీ పడాల్సిందే అనేవాళ్లకి నేను కాదనను.

రేటు మారలేదు. టిఫిను, కాఫీ కలిపి తీసుకున్న టోకెను ఇకమీద రాత్రి కొట్టు మూసేదాకా చెల్లుతుంది. తినేసి వెళ్లి, కాఫీకి తీరికగా రండి.