లైఫెల్డ్ మళ్ళీ గీస్తున్నాడు, అన్నా

శాన్ హోసే, కాలిఫోర్నియా
జూన్ 2023

అన్నకు,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందని వదిన చెప్పింది, మనసు కుదుటపడింది.

ఫోన్లో అయితే మధ్యలో మాట తప్పించేస్తావని ఉత్తరం రాస్తున్నా. ఈ నెల మొదటి బుధవారం 'డెడ్‌పూల్: బ్యాడర్ బ్లడ్' మొదటి సంచిక వచ్చింది. దీన్ని వేసే మార్వెల్ కంపెనీ కొత్త కామిక్స్ ఇక్కడ బుధవారం వస్తాయి. గీసింది రాబ్ లైఫెల్డ్. 2017లో గీసిన పుస్తకానికి కొనసాగింపుగా ఇప్పుడు ఐదు సంచికలు చేస్తున్నాడు. కొట్లో నా ముందు ఇద్దరు కుర్రాళ్ళు దీనిమీదే వాదులాడుకుంటున్నారు. ఒకడు రెండు కాపీలు పట్టుకున్నాడు, రెండోవాడు ఈయనకి కాళ్ళు గీయడం ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా సాగుతున్న గొడవ ఇది.

డెడ్‌పూల్ నీకు తెలుసు. బాబు టీషర్టు మీద ఎర్ర ముసుగుతో, వీపున రెండు కత్తులతో ఉంటాడే, వాడే. 1991లో 'న్యూ మ్యూటెంట్స్' 98వ సంచికలో మొదట కనిపించాడు. మాటలు ఫేబియన్ నిసియేజావి, రూపం లైఫెల్డ్‌ది. అప్పటికి లైఫెల్డ్‌కి పాతికేళ్ళు కూడా నిండలేదు. అదే ఏడాది ఆయన గీసిన 'ఎక్స్-ఫోర్స్' మొదటి సంచిక 50 లక్షల కాపీల దాకా పోయింది. ఒక్కో కాపీతో ఒక కార్డు పెట్టారు, మొత్తం ఐదు రకాలు. ఐదూ కావాలంటే ఐదు కాపీలు కొనాల్సిందే. అందులో వ్యాపారం ఉంది, నిజమే. అయినా పిల్లలు కార్డుల కోసమే ఎగబడ్డారంటే నేను ఒప్పుకోను. ఆ బొమ్మల్లో మనుషులు గడిలో ఇమడరు. పళ్ళు బిగించి, ఒంటినిండా చిన్న చిన్న సంచులు కట్టుకుని, మన మీదికి దూకేస్తుంటారు. ఆ ఊపు అప్పట్లో పిల్లల్ని కట్టి పడేసింది.

తిట్టేవాళ్ళ మాటలోనూ న్యాయముంది. పాదాలు రావాల్సిన చోట పొగో, బండరాయో అడ్డం పెడతాడు. నడుము ఒకవైపు తిరిగితే ఛాతీ ఇంకోవైపు తిరుగుతుంది. 1996 నాటి కెప్టెన్ అమెరికా బొమ్మ ఒకటుంది, ఛాతీ మరీ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని చూపించి ఇప్పటికీ నవ్వుతారు.

నాకు మాత్రం కోపం గడువు విషయంలో. 1992లో లైఫెల్డ్, టాడ్ మెక్‌ఫార్లేన్, జిమ్ లీ, మరికొందరు మార్వెల్‌ని వదిలి ఇమేజ్ కామిక్స్ అని సొంత కంపెనీ పెట్టారు. పుట్టించిన పాత్ర మీద హక్కు పుట్టించినవాడికే ఉండాలన్నది వాళ్ళ పట్టుదల. అంత పెద్ద పనికి పూనుకుని, చెప్పిన నెలకి పుస్తకాలు ఇవ్వలేకపోయారు. వాళ్ళని నమ్మి ఆర్డర్లు పెట్టిన చిన్న కొట్లవాళ్ళు నలిగిపోయారు. పాదం వంకరగా ఉంటే కంటికి ఇబ్బంది, అంతే. పుస్తకం రాకపోతే ఒక ఇంటి జరుగుబాటుకే ఇబ్బంది. ఈ సంగతి నీ దగ్గర చూసి నేర్చుకున్నదే. పండక్కి కొత్త కొట్టు తెరుస్తున్నారంటే తెల్లవార్లూ నిచ్చెన మీదే ఉండి బోర్డు పూర్తిచేసేవాడివి.

ఇంత రాశాక కూడా, ఆయన మళ్ళీ గీస్తున్నందుకు నాకు సంతోషంగా ఉంది. 55 ఏళ్ళొచ్చాయి, ఎన్ని మాటలన్నా తన గీత మార్చుకోలేదు. పేరు చూడకుండానే ఇది లైఫెల్డ్ బొమ్మ అని చెప్పేయొచ్చు. కావలి ట్రంకు రోడ్డులో నీ అక్షరాలూ అంతే. బస్సు కిటికీలోంచి చూసి, ఇది మా అన్న రాసిందని పక్కవాళ్ళకి చూపించేవాణ్ణి. ఫ్లెక్సీలొచ్చాక ఆ బోర్డులన్నీ ఒక్కటొక్కటే దించేశారు. ఇప్పుడు రోడ్డంతా ఒకే రకం అక్షరాలు, చూస్తే దిగులేస్తుంది.

బడి గోడ మీద బొమ్మలు వేయమని హెడ్‌మాస్టరు అడిగారట. అలవాటు తప్పింది, జనం నవ్వుతారని నువ్వు వెనకాడుతున్నావని వదిన బాధపడింది. ఒప్పుకో అన్నా. ముందు గళ్ళు కొట్టుకుని ఒక మూల చిన్న బొమ్మ వేసి చూడు, చెయ్యి దానంతటదే దారికొస్తుంది. తుమ్మలపెంట పడవలు వెయ్యి, ఒంగోలు గిత్తను వెయ్యి. గిట్టలు మాత్రం గడ్డిలో దాచొద్దు, పిల్లలు అవే ముందు చూస్తారు. పిల్లలు సూపర్‌హీరో కావాలంటే నీ సొంతంగా ఒకణ్ణి పుట్టించు. డెడ్‌పూల్ వద్దు, ఆ కథల్లో నెత్తురు ఎక్కువ.

ఆగస్టు 15కి ఇస్తానని చెప్పు, ఆ తేదీకి ఇచ్చెయ్యి. రంగులకి డబ్బు నేను పంపుతాను, బడివాళ్ళని అడగొద్దు. రెండో సంచిక వచ్చాక చెన్నై వచ్చే స్నేహితుడితో రెండూ పంపిస్తా. ముందు నువ్వు చదువు, బాబుకి ఇప్పుడే ఇవ్వాలో ఇంకొన్నేళ్ళు ఆగాలో నువ్వే తేల్చు.

నీ తమ్ముడు