ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోగితే ముందు దుమ్ము చూడండి

సంపాదకుల గారికి,

ఎండలు ముదిరాయంటే తిరుపతిలో ల్యాప్‌టాప్ రిపేరు షాపుల ముందు స్టూడెంట్ పిల్లలే. ఫ్యాన్ గోల పెడుతోందని, చెయ్యి పెడితే కాలుతోందని టెన్షన్‌గా వస్తారు. కొన్నిచోట్ల మూత విప్పి చూడకుండానే ఫ్యాన్ మార్చాలి, లేదంటే బోర్డు పోయింది అనేస్తున్నారు. మా అన్న కూతురికీ ఇదే మాట చెప్పారు. వేరే చోట విప్పించాం, ఫ్యాన్ శుభ్రంగా పనిచేస్తోంది! దానికీ, వేడిని బయటికి పంపే సన్నటి రేకులకీ మధ్య దుమ్మూ వెంట్రుకలూ అట్టకట్టి ఉన్నాయి, అంతే. అది దులిపి, ప్రాసెసర్ (పనంతా చేసే ముఖ్యమైన చిప్) మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్, అంటే దాని వేడిని బయటికి లాగేందుకు పూసే ముద్ద, తుడిచి కొత్తది పూశారు, మోత తగ్గిపోయింది.

చాలా ల్యాప్‌టాప్‌లకు గాలి లాక్కునే కంతలు అడుగునే ఉంటాయి. హాస్టల్లో పరుపు మీద పెట్టుకుంటే అవి మూసుకుపోతాయి. అసలు చాలా మోడళ్లకు కంపెనీలే 35 డిగ్రీల గది వేడి వరకే వాడమంటాయి, మనకేమో మే నెల మధ్యాహ్నం బయట 40 దాటుతుంది, రేకుల గదులైతే చెప్పక్కర్లేదు. లోపల ప్రాసెసర్ 100 డిగ్రీల దాకా వెళ్తే కాలిపోకుండా తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో స్క్రీన్ నత్తనడక నడిచేది చాలాసార్లు అందుకే.

డబ్బు పెట్టేముందు బల్ల మీద పెట్టి వెనకవైపు కాస్త ఎత్తు చేసి చూడండి. విండోస్‌లో నడుస్తున్న ప్రోగ్రాములన్నీ చూపించే టాస్క్ మేనేజర్‌లో ఏ ప్రోగ్రాం ప్రాసెసర్‌ని ఎక్కువ వాడుతోందో చూసి మూసేయండి. విండోస్ పవర్ సెట్టింగుల్లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటే 100 శాతం నుంచి 99కి తగ్గించండి, సాధారణంగా టర్బో, అంటే ప్రాసెసర్ అవసరమైనప్పుడు పెంచుకునే అదనపు వేగం, ఆగి వేడి బాగా తగ్గుతుంది, చదువుల పనికి ఆ వేగం చాలు. అడుగుభాగం ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బిందేమో, వెంటనే ఆపేసి షాపులో చూపించాలి, సొంతంగా విప్పొద్దు.

నా మనవి కాలేజీలకు. ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్న ఊరు మనది, ల్యాబులున్నాయి, నేర్పగలిగినవాళ్లున్నారు. మార్చిలోనే ఒక రోజు పెట్టి పిల్లల ల్యాప్‌టాప్‌లు వాళ్లచేతే శుభ్రం చేయిస్తే ఎంతో ఖర్చు తప్పుతుంది. షాపులవాళ్లు కూడా విప్పి, లోపల ఏముందో కస్టమర్‌కు చూపించాకే రేటు చెప్పాలి.

- ఒక పాఠకురాలు, తిరుపతి