ముందు టీచర్ల లెక్క తేల్చండి

సంపాదకులకు,

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 117 అనే ఉత్తర్వుతో చాలాచోట్ల ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో విలీనం చేసింది, 2025లో ఆ జీవోను రద్దు చేశారు. విలీనం కావాలనేవారూ వద్దనేవారూ దాని మంచిచెడ్డల మీదే వాదించుకుంటున్నాయి, టీచర్ల లెక్క ఎవరికీ పట్టడం లేదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. తరగతులేమో ఐదు. ఒకరు 1, 2 తీసుకుంటే రెండోవారికి మూడు తరగతులు. 45 నిమిషాల పీరియడ్‌లో తరగతికి దక్కేది 15 నిమిషాలు. మూడో తరగతికి తీసివేతలో అప్పు తెచ్చుకోవడం చెబుతుంటే, ఐదో తరగతి పిల్లలు బోర్డు మీది భిన్నాలు ఎక్కించుకుంటూ కూర్చుంటారు. హారాలు కూడా కూడేసి 1/2 + 1/3 = 2/5 అని రాస్తారు. దిద్దే తీరిక లేక ఆ తప్పు ఆరో తరగతికి వెళ్లిపోతుంది. ఒక టీచరు శిక్షణకు వెళితే ఐదు తరగతులూ ఒక్కరి మీదే.

అలాగని విలీనమూ మందు కాదు. విలీనం చేస్తే గాజువాక, మద్దిలపాలెం వైపు ఎనిమిదేళ్ల పిల్లలు హైస్కూలుకు జాతీయ రహదారి దాటి వెళ్లాలి. బడి దూరం కొలిస్తే పిల్లలు నడిచే దారిలో కొలవాలి, మ్యాపులో గీత గీసి కాదు.

పిల్లలు తక్కువున్నా తరగతికో టీచరును ఇవ్వండి. టీచర్లు సెలవు పెట్టినప్పుడు పంపడానికి మండలానికి కొందరు రిజర్వు టీచర్లను ఉంచండి.

– కొందరు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, విశాఖపట్నం