మంత్రి గారూ, చేప బతికితే చాలదు

గౌరవనీయులైన పర్యావరణ శాఖ మంత్రి గారికి, కడప నుంచి ఒక జువాలజీ లెక్చరర్ నమస్కారాలు. ఫ్యాక్టరీలు వదిలే నీళ్ల పరీక్ష గురించి రాస్తున్నాను.

సముద్రమే లేని ఊరివాళ్లకి సముద్రం గొడవ ఎందుకని మీ పేషీలో ఎవరైనా అనొచ్చు సార్. మా ఊరి వాగు బుగ్గవంక పోయి పెన్నలో కలుస్తుంది, పెన్న సోమశిల దాటి నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇక్కడ మేం కాలవలో పోసింది అక్కడికే.

ఫ్యాక్టరీలు వదిలే నీళ్లకి మన దేశంలో ఒక పరీక్ష ఉంది, ఆ నీళ్లలో చేపల్ని 96 గంటలు ఉంచితే నూటికి 90 బతికుండాలి. మంచిదే. కానీ పెద్ద చేప తట్టుకున్న విషాన్ని గుడ్డు తట్టుకోలేదు సార్, నా బాధంతా అదే.

సముద్రం అడుగున ముళ్ల బంతిలా ఉండే సీ అర్చిన్ గుడ్డు ఫలదీకరణ తర్వాత గంట, గంటన్నరలో రెండు కణాలవుతుంది, ఆ తర్వాత నాలుగు, ఎనిమిది. విభజనలో క్రోమోజోముల్ని రెండు వైపులకీ లాగే దారాలని మన పుస్తకాల్లో కండె తంతువులంటాం, కండె అంటే మగ్గం దగ్గర నూలు చుట్టేది. నీళ్లలో పాదరసం ఉంటే అది ఆ దారాల ప్రోటీనుకి అతుక్కుని వాటిని సరిగా కట్టనివ్వదు. రాగి లీటరు నీళ్లలో కొన్ని పదుల మైక్రోగ్రాములున్నా పిండాలు వంకరగా ఎదుగుతాయి. ఇది చెబుతుంటే మగ్గం ఇంట్లో పుట్టిన ఒకమ్మాయి "కండె చిక్కు పడితే బట్ట మొత్తం పాడే కదా మేడమ్" అంది. నేను గంటసేపు చెప్పింది ఆ పిల్ల ఒక్క మాటలో చెప్పేసింది.

మొన్న మా పిల్లలు రాయి కింద నుంచి నత్త గుడ్లు తెచ్చారు, సగ్గుబియ్యం జావలా జిగురు ముద్ద, ఒక్కో గుడ్డులో ఒక్కో చుక్క. సగం మంచి నీళ్లలో, సగం బుగ్గవంక నీళ్లలో పెట్టాం. రెండో గిన్నెలో చాలా గుడ్లు అలాగే ఉండిపోయాయి. క్లాసులో చేసింది కాబట్టి దీన్ని రుజువు అనను, కానీ ఆ రోజు నుంచి నాకు టెన్షన్ పోవట్లేదు.

అడిగేది ఒకటే. చేపల పరీక్షతో పాటు గుడ్ల పరీక్ష కూడా పెట్టించండి, పెన్న సముద్రంలో కలిసే చోట సీ అర్చిన్ గుడ్లతో, పైన మా దగ్గర నత్త గుడ్లతో. సీ అర్చిన్లు విశాఖ తీరంలో రాళ్ల మధ్య దొరుకుతాయి, రెండు మూడు రోజుల్లో ఫలితం తేలిపోతుంది. ఆ ఫలితాన్ని తెలుగులో రాసి మున్సిపల్ ఆఫీసు గోడకి అంటించండి.

మీ మనుషులు కడప వస్తే ఏ రాయి కింద గుడ్లున్నాయో మా పిల్లలు చూపిస్తారు.