మాస్టారి సంతకం

మొన్న ఆదివారం మా కరాటే మాస్టారి కార్యక్రమానికి చెయ్యి కలిపిన అందరికీ ముందుగా దండాలు. షామియానా, కుర్చీలు పంపి అద్దె మాట ఎత్తనివ్వని టెంట్ హౌస్ అన్నయ్యకి, టిఫిన్ల పని మొత్తం నెత్తిన వేసుకున్న గాజువాక బ్యాచ్‌కి, డల్లాస్‌లో అర్ధరాత్రి దాకా మేలుకుని వీడియో కాల్‌లో కూర్చున్న తమ్ముడికి. సాయంత్రం బ్యాచ్‌లు ఇక మేం చూసుకుంటాం అని ముందుకొచ్చిన ఇద్దరు సీనియర్లకి మరీ మరీ.

ఈ నెల నుంచి మాస్టారు రోజూ క్లాసులు చెప్పరు. మోకాళ్ళు మాట వినడం లేదు. ఆదివారం పొద్దున్న బీచ్‌లో కటాలు (ఒక్కరే వరస తప్పకుండా చేసే దెబ్బలు, అడ్డుల కదలికలు) చూడటానికి మాత్రం వస్తానన్నారు. "చూడటానికే" అంటున్నారు గానీ, ఒక పిల్లాడి పాదం వంకరగా ఉంటే వంగి సర్దకుండా ఆయన ఉండగలరా అని మా అందరికీ అనుమానమే.

అసలు చెప్పాల్సింది ఆయనకి. మైక్ చేతికిచ్చినప్పుడు నాకు నోరు పెగల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను 1996లో చేరాను, ఐదో క్లాసులో. విశాఖలో మేడ మీద రేకుల షెడ్డు, ముప్పై మంది పిల్లలం, ఆడపిల్లలం ఇద్దరమే. మొదటి కటా హెయాన్ షోదాన్‌లో ఉన్నవి 21 కదలికలు. ఆయన వాటినే ఏడాది పొడుగునా చేయించారు. బోర్ కొట్టి ఏడ్చేదాన్ని. కుమితే, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడటం, మొదలయ్యాక గానీ ఆయన సంగతి అర్థం కాలేదు. ఆయన గుద్దు వచ్చేది కనిపించేది కాదు. కళ్ళు తెరిచేసరికి కాయలు కాసిన రెండు కణుపులు ముక్కుకి వేలెడు దూరంలో ఉండేవి. గాలి తగిలేది, చెయ్యి తగిలేది కాదు. మేం ఆపలేక ఎవరినైనా తగిలించామా, "ఏటమ్మా అది? తగిల్తే నీకే మైనస్" అని, మళ్ళీ మొదటి నుంచి.

ఎండాకాలం పొద్దున్నే జోడుగుళ్ళపాలెం వైపు సరుగుడు తోపుకి తీసుకెళ్ళేవారు. మన స్టైల్ పేరు షోటోకాన్ కదా, అందులో 'షోటో' అంటే పైన్ చెట్లలో గాలి చేసే అలల చప్పుడట. 1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్ళి కరాటే చూపించిన ఫునకోషి తన కవితల కింద పెట్టుకున్న పేరు అది. "పైన్ చెట్లు ఎక్కణ్ణుంచి తెస్తాం, సరుగుడుతో సరిపెట్టుకోండి" అనేవారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి షెడ్డు రేకుల్నీ తీసుకుపోయింది, ఆ సరుగుడు చెట్లనీ పడగొట్టింది. నేను అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. ఫోన్లు కలిశాక తెలిసింది, కరెంటు ఇంకా రాకముందే కూలిన చెట్ల పక్కన ఇసకలో క్లాసు పెట్టేశారని.

ఇప్పుడు అసలు విషయం. ఆదివారం కార్యక్రమానికి బయల్దేరుతుంటే అమ్మ బీరువాలోంచి రెండు అట్టలు తీసి ఇచ్చింది. నా ఫీజు కార్డులు. పోస్టుకార్డంత అట్ట, పన్నెండు గళ్ళు, గడికో ఆకుపచ్చ ఇంకు సంతకం. నెలకి 75 రూపాయలు. "ఇందులో పద్దెనిమిది నెలలు మనం పైసా కట్టలేదే" అంది అమ్మ, మామూలుగా.

1998లో నాన్న పనిచేసే మిల్లు మూతపడింది. నన్ను క్లాసు మాన్పిస్తానని చెప్పడానికి నాన్న వెళ్ళారట. "పిల్ల కటా సగంలో ఉందండీ, అయ్యాక మాట్లాడుకుందాం" అన్నారట మాస్టారు. షోటోకాన్‌లో 26 కటాలుంటాయని నాన్నకేం తెలుసు!

ప్రతి నెలా మొదటి వారం ఆయన "కార్డులు తీయండి" అనేవారు. అందరివీ ఒక దొంతర పేర్చి, వరసగా సంతకాలు పెట్టి, పేరు పిలిచి ఇచ్చేసేవారు. నా పేరు కూడా అందరితో పాటే. గొంతులో తేడా ఉండేది కాదు. ఇరవై ఏడేళ్ళు దాటాక, అది కూడా అమ్మ చెబితే, నాకు తెలిసింది. తెలిసి ఉంటే ఆ వయసులో నేనే సిగ్గుపడి మానేసేదాన్ని.

సభ అయ్యాక ఆ కార్డులు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఏదో అంటారని, లేదా కొట్టిపారేస్తారని అనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని గళ్ళన్నీ చూశారు. ఒక గడి మీద వేలు పెట్టారు.

"ఈ మార్చిది నాది కాదు. నాకు జ్వరం వస్తే మీ అమ్మగారు పెట్టింది. చూడు, చివర వంకర లేదు."

అమ్మగారు, అంటే మాస్టారి భార్య, పక్కనే ప్లేట్లు సర్దుతున్నారు. తలెత్తలేదు.

అమ్మగారికి కూడా దండాలు.