నానబెట్టిన బిళ్ల ఎంత బలంగా ఉందో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పాత తారు గీకాకే కొత్త పొర వేయాలని తమిళనాడు ప్రభుత్వం 2021లో గట్టిగా చెప్పాక, మా పెరంబూరు సందుల్లోనూ మిల్లింగ్ యంత్రాలు కనిపిస్తున్నాయి. గడప కన్నా రోడ్డు ఎత్తయి, వానొస్తే వసారాలోకి నీళ్లొచ్చే ఇళ్లవాళ్లకు అదే పదివేలు. మరి గీకిన ఆ నల్ల రద్దు, అంటే పాత తారు అంటిన కంకర ముక్కలు, ఎటు పోతోంది? దాన్ని వేడి చేయకుండానే తారు ఎమల్షన్ (నీళ్లలో సన్నటి చుక్కలుగా కలిపిన తారు) గానీ నురగ తారు (వేడి తారులో కాస్త నీళ్లు చిమ్మి పొంగించినది) గానీ కలిపి, రోడ్డు అడుగు పొరకు మళ్లీ వాడుకోవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే ఐఆర్‌సీ 120 పేరుతో రీసైక్లింగ్‌కు పద్ధతులు రాసిపెట్టింది. కొత్త కంకర, ఇంధనం రెండూ మిగులుతాయి. వాడాల్సిందే. అయితే రోడ్డు సామగ్రి పరీక్షించే ల్యాబులో ఉద్యోగం చేసి రిటైరైనవాడిగా ఒక సంగతి అడగాలి: నీళ్లలో నానాక ఈ మిశ్రమానికి ఎంత బలం మిగులుతోంది?

ల్యాబులో రద్దును జల్లించి, ఎమల్షన్, కాస్త నీళ్లు, కొంచెం సిమెంటు కలిపి, అచ్చులో పోసి ఒక్కో వైపు 75 సుత్తి దెబ్బలు వేస్తాం. 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్ల వస్తుంది. దాన్ని 40 డిగ్రీల ఓవెన్‌లో 72 గంటలు ఆరబెడతాం. తర్వాత 25 డిగ్రీల దగ్గర, చక్రంలా నిలబెట్టి పైనుంచి నొక్కితే నడిమికి చీలుతుంది. పొడి బిళ్లకు చీలేటప్పుడు కనీసం 225 కిలోపాస్కల్ (ఒత్తిడిని కొలిచే లెక్క) బలం ఉండాలి. 24 గంటలు నీళ్లలో నానిన బిళ్లకు 100 ఉంటే చాలంటారు, అంటే సగం కూడా కాదు. నీళ్లు తగిలితే ఈ మిశ్రమం ఎంత నీరసపడుతుందో ఆ రెండంకెలు చూస్తేనే తెలుస్తుంది. నేను చూసిన కొన్ని రిపోర్టుల్లో మాత్రం పొడి అంకె పెద్దక్షరాల్లోనూ తడి అంకె ఏ మూలో ఉండేవి.

ఓవెన్‌లో మూడు రోజుల్లో పోయే తడి అక్టోబరు, నవంబరు చెన్నైలో ఎక్కడికి పోతుంది? పైన మబ్బు, కింద బురద. ఎమల్షన్‌లోని నీరు ఆరకముందే పైన హాట్ మిక్స్ (వేడి తారు కలిపిన కంకర) పరిచేస్తే ఆ నీరు లోపలే ఉండిపోతుంది. కాబట్టి ఈ పని ఎండాకాలంలో పెట్టుకోవాలి. పై పొర వేసేముందు అడుగు పొరలో తడి ఎంతుందో కొలవాలి. (ఆ కొలిచేది కూడా మామూలు కంకరకు పెట్టినట్టు 110 డిగ్రీల ఓవెన్‌లో కాదు. పాత తారు మెత్తబడి అంతా ముద్దవుతుంది, తక్కువ వేడిలో ఓపిగ్గా ఆరబెట్టాలి.) వేసిన పొరలోంచి కోసిన ముక్కను నానబెట్టి చీల్చి, ఆ అంకెను వార్డు ఆఫీసు బోర్డు మీద పెట్టాలి. పైగా ఏ వీధి రద్దుకు ఆ వీధి రిపోర్టే కావాలి. మెయిన్ రోడ్డు రద్దు, ఏళ్ల తరబడి అతుకులు పడిన సందు రద్దు ఒకటి కావు.

తడి బలం చాలకపోతే ఇంకో బస్తా సిమెంటు వేసేద్దామని సైట్లో ఎవరో ఒకరు అంటారు. అంకె లేస్తుంది, కాదనను. కానీ సిమెంటు ఒక శాతం దాటితే పొర పెళుసై పగుళ్లిస్తుంది. అలాంటి మిశ్రమానికి ఎంత మంచి అంకె వచ్చినా ఇంజనీర్లు దాన్ని వెనక్కి పంపాలి.

ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
పెరంబూరు, చెన్నై