పట్టిన పామును ఇంట్లో ఉంచుకోవడం నేరమే

సంపాదకుడు గారికి నమస్కారం.

గత వర్షాకాలంలో మా ఇంటి వెనుక కట్టెల మోపు కింద నాగుపాము కనిపించింది. అటవీ కార్యాలయానికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. చివరికి పక్క వీధి అబ్బాయి వచ్చి ఇనుప కొక్కెంతో ఒడుపుగా పట్టి, పైసా పుచ్చుకోకుండా తీసుకువెళ్లాడు. పది రోజుల తర్వాత ఏదో పని మీద వాళ్లింటికి వెళితే, వరండాలో ప్లాస్టిక్ డబ్బాలో ఆ పామే ఉంది. బిగించిన మూతకు కాల్చిన మేకుతో చేసిన నాలుగు చిల్లులు, డబ్బా అడుగున తడి, సగం ఊడి ఒంటికే అంటుకుపోయిన కుబుసం. పక్కనే వాళ్ల ఇంటి చిన్నపిల్ల నేల మీద బొమ్మలు పేర్చుకుంటోంది. ఆదివారం వీడియో తీసి వదిలేస్తానని ఆ అబ్బాయి చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. మర్నాడు తెల్లవారకముందే ఇద్దరం వెళ్లి దాన్ని చెరువు కట్ట అవతల పొదల్లో వదిలి వచ్చాం.

ఆ అబ్బాయి చెడ్డవాడు కాడు. చేస్తున్నది నేరమని అతనికి ఎవరూ చెప్పలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో అడవి ప్రాణిని చంపడమే కాదు, పట్టి బంధించడం కూడా వేటే. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక నాగుపాము, రక్తపింజరి మొదటి షెడ్యూలులోకి, అంటే పులి ఉన్న జాబితాలోకే చేరాయి. ఆ జాబితాలోని ప్రాణి విషయంలో నేరం రుజువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, దానితోపాటు 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడుతుంది. విద్య, పరిశోధన, ప్రాణాలు నిలిపే మందుల కోసం విషం సేకరించడం వంటి పనులకు మాత్రమే ముందస్తు అనుమతి దొరుకుతుంది. చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన, పాములు పట్టడంలో ఆరితేరిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం అటువంటి అనుమతితోనే పాములను పట్టి, కొన్ని వారాలు కుండల్లో ఉంచి, విషం తీశాక తిరిగి వదిలేస్తుంది. సరదాకో, వీడియోకో నాగుపామును పెంచుకోవడానికి ఈ చట్టంలో దారి లేదు.

విదేశీ పాములైతే ఫరవాలేదనే వాదన ఒకటి పట్టణాల్లో వినిపిస్తోంది. వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం (సైటీస్) జాబితాలో ఉన్న జాతులను పెంచేవారు వివరాలు నమోదు చేయాలని 2024లో నిబంధనలు వచ్చాయి. అసలు భయం వేరే ఉంది. మన ఆసుపత్రుల్లో ఇచ్చే పాము కాటు మందును నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటి విషంతోనే తయారు చేస్తారు. ఎక్కడి నుంచో తెచ్చిన విషసర్పం కాటేస్తే ఏ పెద్ద ఆసుపత్రికి పరుగెత్తినా ఆ విషానికి విరుగుడు దొరకదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుకు దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా వేశారు. వారిలో ఎక్కువ మంది పల్లెవాసులు, చేలల్లో, ఇళ్ల చుట్టుపక్కల తప్పించుకోలేక కాటుకు గురైనవారు. అటువంటి దేశంలో కావాలని ఆ ప్రమాదాన్ని పసిపిల్లలున్న ఇంటికి తెచ్చుకోవడం నాకు ఎంతమాత్రం మింగుడుపడదు.

పట్టిన పాము ఎక్కడికి పోతోందో ఎవరూ అడగకపోతే ఏమవుతుందో కేరళ చూసింది. 2020లో కొల్లం జిల్లాలో ఒక భర్త పాములు పట్టే మనిషి దగ్గర నాగుపామును కొని, దానితో కాటు వేయించి నిద్రలో ఉన్న భార్యను చంపాడు. 2021లో కోర్టు అతనికి జీవిత ఖైదు విధించింది. అదే రాష్ట్రంలో అటవీ శాఖ ఇప్పుడు పాములు పట్టేవారికి శిక్షణ ఇచ్చి, ధ్రువపత్రాలు జారీ చేసి, 'సర్ప' అనే మొబైల్ యాప్ ద్వారా వారిని ప్రజలకు అందుబాటులో ఉంచుతోంది.

మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు కూడా ఆ పని చేయాలి. శిక్షణ పొందినవారికే గుర్తింపు కార్డు ఇవ్వాలి. పట్టిన పామును ఎన్ని గంటల్లో, ఎంత దూరంలో వదలాలో నిర్ణయించి, ప్రతి వివరాన్నీ అటవీ రేంజ్ కార్యాలయంలో నమోదు చేయించాలి. నాగుల చవితికి, నాగుల పంచమికి కోరలు పీకిన పాములతో ఇంటింటికీ తిరిగే పాములవాళ్ల మీద కేసులు పెట్టి ఊరుకోకుండా, ఇరుళల మాదిరిగా వారి నైపుణ్యానికీ గౌరవమైన జీతం దొరికే దారి చూపాలి. మా వీధి అబ్బాయి లాంటివారు ఊరూరా ఉన్నారు. వారికి ధైర్యానికి లోటు లేదు, చెప్పేవారే లేరు. వచ్చే వర్షాలు మొదలయ్యేలోపు ఈ శిక్షణ ప్రారంభించి, రాత్రివేళ కూడా ఎత్తే ఫోను నంబరును ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద రాయించాలని అటవీ శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఖమ్మం జిల్లా